షావుకారుగారి తొమ్మిది గంటల బస

కీర్తిశేషులు షావుకారు కమ్తోన్‌గారు వచ్చే బుధవారం పొద్దున బ్యాంకాక్ నగరానికి వేంచేస్తారనీ, తొమ్మిది గంటలసేపు బస చేసి సాయంత్రం విమానంలో తమ తండ్రిగారి స్వగ్రామానికి బయల్దేరతారనీ, అభిమానులు క్రమశిక్షణతో దర్శించుకోవలసిందనీ చైనా వీధిలో ఒకే ఇంటిపేరున్నవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘంవారు బ్యానరు కట్టారు. చావు సంగతి శుభకార్యాల ఎర్రరంగు అక్షరాలతో రాయకూడదని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పాడు. ఇది చావు కాదు, రాక అని అధ్యక్షుడు విబూన్ సర్దిచెప్పాడు. చనిపోయిన మనిషి ఎలా వేంచేస్తాడని మాత్రం ఎవరూ అడగలేదు. ఈ ఊళ్ళో డబ్బున్నవాడు బతికుండగా చెయ్యలేని పని లేదు. పోయినంత మాత్రాన ఆ సౌకర్యం ఊడిపోవాలని రూలేమీ లేదు.

షావుకారుగారు చేపల సాసు తయారుచేసి కోట్లు గడించారు. సిడ్నీలో ఉన్న కూతురింటికి చుట్టపుచూపుగా వెళ్ళి, పెరట్లో కుర్చీలో కూర్చుని, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా కన్నుమూశారు. ఆయన జీవితంలో ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా చేసిన పని ఇదొక్కటే అని గిట్టనివాళ్ళు అంటారు. దహనం అక్కడే జరిగిపోయింది. మనిషిని ఊరికి తెచ్చి పదిమందిలో కర్మకాండ ఎందుకు జరిపించలేదని సంఘంవారు ఫోనులో నిలదీస్తే, ఆయన భార్య ఓరపిన్‌గారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

“అక్కడ పెడితే ఏడవడానికి ఎంతమంది వస్తారో! ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని ‘మీరు ఆయనకేమవుతారు’ అని అడిగే ఓపిక నాకు లేదు.”

అస్థికల్ని చైనాలోని తండ్రిగారి పల్లెకు చేర్చాలన్నది షావుకారుగారి కోరిక. దారిలో బ్యాంకాక్‌లో విమానం మారాలి. రెండు విమానాల మధ్య తొమ్మిది గంటల ఎడం. ఆ తొమ్మిది గంటలూ విమానాశ్రయంలోనే ఒక మూల కూర్చుని కునుకు తీద్దామని ఓరపిన్‌గారి ఆలోచన. కానీ నలభై ఏళ్ళు ఏలిన ఊరికి షావుకారు వచ్చి, ఊళ్ళో అడుగుపెట్టకుండా పోతే ఊరి పరువేం కావాలి? ఆయనకు అడుగులు లేవన్నది వేరే సంగతి.

ప్రయాణ ఏర్పాట్ల భారం తవిల్ మీద పడింది. తవిల్ షావుకారుగారి కార్యదర్శి. పాతికేళ్ళకు పైగా ఆయన ఎక్కడ దిగాలో, ఎక్కడ తినాలో, ఎవర్ని చూసి నవ్వాలో, ఎవర్ని చూసీ చూడనట్టు పోవాలో నిర్ణయించినవాడు. మనిషి పోయాక కార్యదర్శి అవసరం ఉంటుందా ఉండదా అన్న బెంగ తవిల్‌కి రాత్రింబవళ్ళూ ఉంది. “నీ సంగతి కూడా అక్కడికొచ్చాక చూస్తాను” అని ఓరపిన్‌గారు ఫోనులో అన్నప్పటినుంచి ఆ బెంగ రెట్టింపైంది. అందుకని ఈ ఒక్క ప్రయాణం మాట రాకుండా జరిపించాలని పట్టుబట్టాడు. మొదటి చిక్కు విమానంవాళ్ళ దగ్గరే వచ్చింది. షావుకారుగారు ప్రయాణికుడా, సామానా అని టికెట్ల పిల్ల అడిగింది. తవిల్ కోప్పడితే ఆ పిల్ల పైవాళ్ళని కనుక్కుని చెప్పింది: ఒళ్ళో పెట్టుకుంటే సామాను, పక్క సీట్లో పెడితే ప్రయాణికుడు, ప్రయాణికుడైతే భోజనం కూడా ఇస్తారు. తవిల్ సీటే కొన్నాడు. శాకాహార భోజనం చెప్పాడు. పోయినవాళ్ళకి అదే మంచిదని.

ఇక స్వాగత, వీడ్కోలు ఉపసంఘం సమావేశమైంది. తొమ్మిది గంటలు ఎవరికెంత అన్నదే విషయం. సంఘం హాల్లో ఉపమంత్రిగారి ఉపన్యాసంతో సంతాప సభ ఉండాలన్నదాంట్లో రెండో మాట లేదు. షావుకారుగారు మరుగుదొడ్లు కట్టించిన బడివాళ్ళు, పిల్లలచేత పాట పాడిస్తాం, ఒక్క పది నిమిషాలు మరుగుదొడ్ల ముందు ఆగాలన్నారు. నది ఒడ్డున కొత్త మేడ కట్టిన బిల్డరు, తన ముప్ఫయ్యో అంతస్తులోంచి చావో ఫ్రయా నదిని చూస్తే పోయినవాళ్ళకు కూడా ప్రాణం లేచొస్తుందనీ, కాబట్టి మొదటి గృహప్రవేశం షావుకారుగారిచేతే చేయించాలనీ కోరాడు. ఇరవై ఏళ్ళుగా షావుకారుగారితో మాటల్లేని సోయా సాసు యజమాని లేచి, ఆయన్ని తాను బహిరంగంగా క్షమించదలచుకున్నాననీ, అందుకు మైకు కావాలనీ అన్నాడు. చప్పట్లు మోగాయి. షావుకారుగారు ఇతన్ని క్షమించారా అన్నది కార్యక్రమ పత్రంలో లేదు కాబట్టి చర్చకు రాలేదు.

ఆదివారం రిహార్సలు జరిగింది. అస్థికల పాత్రకు బదులు సంఘం వంటగదిలోని రైస్ కుక్కర్ని పట్టు దిండు మీద పెట్టి, ముందు పోలీసు మోటారు సైకిలు, వెనక అంబులెన్సు పెట్టి ఊరేగించారు. అంబులెన్సు ఎందుకని ఎవరికీ తోచలేదు. బడి నుంచి నదీతీరపు మేడకు పోయేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో కాలిబాట మీది పండ్లమ్మే ఒకావిడ, కుక్కరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇది శుభసూచకమని విబూన్ ప్రకటించాడు.

ఆ సాయంత్రమే లమ్‌యాయ్ తవిల్ ఇంటికి వచ్చింది.

లమ్‌యాయ్‌కి తలాత్ నోయ్ పేటలో, పడవల రేవు పక్కన, బాతుమాంసం అన్నం అమ్మే కొట్టు ఉంది. ఇంతకంటే ఆవిడ గురించి ఊళ్ళో ఎవరికీ తెలీదు, తవిల్‌కి తప్ప. షావుకారుగారు ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆ కొట్టు వెనక గదిలో చొక్కా గుండీలు విప్పి, బాతు మెడ ముక్కలు కొరుక్కుంటూ, నదిలో పడవలు చూస్తూ, పేము కుర్చీలో ఓ కునుకు తీసి వచ్చేవారు. చిన్నిల్లు అనేది బంగళాలా ఉండాలని అనుకునేవాళ్ళు ఆ గదిని చూస్తే నమ్మరు. తవిల్ మాత్రం పాతికేళ్ళుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం దగ్గర డైరీలో “దంత వైద్యుడు” అని రాస్తూ వచ్చాడు. దాంతో షావుకారుగారి పళ్ళంటే ఊరంతటికీ జాలి. కొత్త సంవత్సరానికి ఉద్యోగులు ఆయనకు మెత్తటి బ్రష్షులు కానుకిచ్చేవారు. విందుల్లో గట్టి పదార్థమేదీ ఆయన పళ్ళెం దాకా రానిచ్చేవారు కాదు.

“తమ్ముడూ, బ్యానరు చూశాను” అంది లమ్‌యాయ్, గుమ్మంలోనే నిలబడి. “బుధవారమట కదా.”

“అక్కా, ఉపసంఘం ఉంది, ఉపమంత్రి ఉన్నాడు, పోలీసులున్నారు. నా చేతుల్లో ఏముంది?”

“ఆయన బతికుండగా నాకంటూ ఉన్నవి బుధవారాలే. మిగతా వారమంతా ఎవరిదో నేనెప్పుడూ అడగలేదు. చివరి బుధవారం కూడా ఊరందరికీ పంచేసి నాకు ఎముక ముక్క కూడా మిగల్చవా?” అని, అన్నమాట తనకే ఎబ్బెట్టుగా తోచి, “ఛ, ఆ మాట కాదు” అని కళ్ళొత్తుకుంది.

తవిల్ ఆ రాత్రంతా ఆలోచించాడు. పొద్దున్నే కార్యక్రమ పత్రం తుది ప్రతి రాయడానికి కూర్చున్నాడు. పన్నెండు గంటల దగ్గరికి వచ్చేసరికి, పాతికేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే “దంత వైద్యుడు” అని రాసేసింది. అతను గమనించేసరికి ఆ పత్రం విబూన్ చేతిలో ఉంది. విబూన్ దాన్ని ఉపసంఘం ముందు గట్టిగా చదువుతున్నాడు.

“పన్నెండు గంటలకు: దంత వైద్యుడు.”

తవిల్ పత్రం లాక్కోవడానికి సగం లేచాడు.

“చూశారా!” అన్నాడు విబూన్, గొంతు బొంగురుపోయి. “పోయాక కూడా వేళ తప్పలేదు. అదీ నియమమంటే! మనలో ఎంతమందికి ఉంది ఆ నిష్ఠ?”

సోయా సాసు యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. అంశం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. పాతికేళ్ళు సేవచేసిన ఆ వైద్యుడికి సంతాప సభలో జ్ఞాపిక ఇవ్వాలని కూడా తీర్మానించారు. పొరపాటు పడిందని చెప్పబోయిన తవిల్‌కి, ఒకసారి ఆమోదం పొందిన అంశాన్ని తొలగించాలంటే సర్వసభ్య సమావేశం పిలవాలని నిబంధన చూపించారు.

బుధవారం వచ్చింది. ఓరపిన్‌గారు తెల్లబట్టల్లో, పట్టు సంచీ ఒళ్ళో పెట్టుకుని, తవిల్ పక్కన కారెక్కారు. ప్రయాణికుడిగా వచ్చిన షావుకారుగారు ఆ క్షణం నుంచి మళ్ళీ సామాను అయ్యారు. విబూన్ హాల్లో ఏర్పాట్లు చూసుకోవడానికి వేరే కారులో ముందు వెళ్ళాడు. ఎడతెరిపి లేని వాన. కారు ఫ్లైఓవరెక్కింది, ట్రాఫిక్‌లో ఇక అక్కడే ఉంది. ముందున్న పోలీసు మోటారు సైకిలు సైరన్ మోగిస్తూనే ఉంది. దాని ముందున్న కార్లవాళ్ళు అద్దాల్లోంచి జాలిగా చూస్తూనే ఉన్నారు. బడి పిల్లలు పాటను ఫోనులోనే వినిపించారు. ముప్ఫయ్యో అంతస్తులో బిల్డరు ఇల్లంతా పూలు జల్లి ఎదురుచూశాడు. పదకొండు దాటాక ఓరపిన్‌గారు కళ్ళజోడు పెట్టుకుని కార్యక్రమ పత్రం తీశారు.

“తవిల్, పన్నెండింటికి పళ్ళ డాక్టరని ఉందేమిటి?”

“అలవాటులో పడిపోయిందండీ, అమ్మగారూ.”

“ఎవరి అలవాటు?”

వైపరు అద్దాన్ని అటూ ఇటూ తుడుస్తోంది.

“సిడ్నీ ఆస్పత్రిలో చావు కాగితం రాసిన కుర్ర డాక్టరమ్మ నాతో ఏమందో తెలుసా?” అన్నారు ఓరపిన్‌గారు, కళ్ళజోడు మడిచి. “ఎనభై ఏళ్ళ మనిషికి ఇలాంటి పలువరస తను చూడలేదట. ముప్ఫై రెండుకి ముప్ఫై రెండూ ఉన్నాయట. ఒక్కటి పుచ్చలేదు, ఒక్కటి కదల్లేదు. అంత గొప్ప డాక్టరు ఈ ఊళ్ళో ఉంటే నేనొక్కసారైనా కళ్ళారా చూడొద్దూ? కారాపమను.”

“ఆగే ఉందండీ.”

“మరింకేం! దిగు.”

వానలో ఇద్దరూ దిగారు. తవిల్ గొడుగు పట్టాడు, ఓరపిన్‌గారు సంచీని చీరకొంగులో దాచినట్టు పైబట్టలో దాచుకున్నారు. రోడ్డు దిగి, రేవుకి నడిచి, నది మీద జనం ఎక్కే మామూలు పడవెక్కారు. టికెట్ల ఆవిడ టికెట్లూ చిల్లరా పెట్టుకునే రేకు గొట్టం గలగలలాడిస్తూ వచ్చి, “ఇద్దరేనా పెద్దమ్మా?” అని అడిగింది.

“ముగ్గురం” అన్నారు ఓరపిన్‌గారు.

టికెట్ల ఆవిడ సంచీ వైపు చూసి, ఏమీ అనకుండా మూడు టికెట్లు చించింది. ఆ రోజు కార్యక్రమంలో షావుకారుగారికి జరిగిన మొదటి మర్యాద అదే.

లమ్‌యాయ్ బాతుని కత్తితో కొడుతోంది. రేవు మెట్లెక్కి వస్తున్న తెల్లబట్టల మనిషిని చూసింది, వెనక తవిల్ మొహం చూసింది. కత్తి కింద పెట్టి చేతులు జోడించింది. ఆ చేతులు కిందికి దిగలేదు.

“నువ్వేనా డాక్టరువి?” అన్నారు ఓరపిన్‌గారు.

“అమ్మగారూ...”

“ఆయన ఎక్కడ కూర్చునేవాడు?”

లమ్‌యాయ్ వెనక గది చూపించింది. ఓరపిన్‌గారు పేము కుర్చీలో సంచీ పెట్టారు. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. “ఏం పెట్టేదానివో అదే పెట్టు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. విమానంలో ఆయనకిచ్చిన గడ్డి కూడా నేనే తిన్నాను.”

అప్పుడే తవిల్ ఫోను మోగింది. విబూన్ గొంతులో ఏడుపొకటే తక్కువ. ఉపమంత్రిగారు వచ్చేశారు, ఇంకో చోట వంతెన ప్రారంభం ఉంది, వెంటనే మాట్లాడి వెళ్ళిపోవాలి, షావుకారుగారేరీ? తవిల్ ఓరపిన్‌గారి వైపు చూశాడు.

“దారిలో ఉన్నాడని చెప్పు” అన్నారావిడ, మెడ ముక్క అందుకుంటూ.

తవిల్ సందుల్లో పడి హాలుకి పరిగెత్తాడు. లోపల తెల్లపూల వేదిక, మైకులు, జనం. వేదిక మీద పట్టు దిండు ఖాళీగా ఉంది. విబూన్ అతన్ని ఆఫీసు గదిలోకి లాగి తలుపేశాడు.

“జనం చూసేది ఏమిటి తవిల్? గుడ్డ. లోపలేముందో ఎవడు చూస్తాడు?” అంటూ అల్మారాలోంచి నీలం పూల టీ జాడీ తీశాడు. “ఇది పెడదాం. కానీ ఖాళీది వద్దు. ఖాళీ జాడీకి మొక్కించడం పాపం. నేను అలాంటివాణ్ణి కాదు.”

అల్మారాలో చిక్కింది టీ కాచుకునే ఎండు చామంతి పూల పొట్లం. తవిల్ ఒక్కొక్కటిగా జాడీలో కాసిని పూలు వేశాడు. విబూన్ మూతపెట్టి, బంగారు రంగు గుడ్డ చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని, కన్నీళ్ళతో బయటికి నడిచాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఉపమంత్రి వెళ్ళిపోతాడేమోనన్న భయం అప్పటిదాకా ఆయన గుండెల్ని పిండేసింది మరి.

ఆ రోజు సభ జరిగినంత దివ్యంగా ఆ హాల్లో ఏ సభా జరగలేదు. “ఈ పాత్రలో ఉన్నది బూడిద కాదు!” అని ఉపమంత్రిగారు గర్జించారు. విబూన్ గుండె ఒక్క క్షణం ఆగింది. “దేశ సాసు పరిశ్రమ ఉజ్వల భవిష్యత్తు!” అని ముగించారు. విబూన్ గుండె తిరిగి కొట్టుకుంది. సోయా సాసు యజమాని జాడీని కావిలించుకుని, “అన్నా, నిన్ను క్షమించాను” అని బావురుమన్నాడు. జాడీ ఏమీ అనలేదు. అది షావుకారుగారి పెద్దమనసుకి నిదర్శనమని మైకులో చెప్పారు. చివర్లో దంత వైద్యుణ్ణి వేదిక మీదికి పిలిచారు. తవిల్ కళ్ళు మూసుకున్నాడు. జనంలోంచి ఒకాయన హుందాగా లేచి, వేదికెక్కి, జ్ఞాపిక అందుకుని, నలుదిక్కులా వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు. ఆయనెవరో నేటికీ తెలియరాలేదు.

తవిల్ కొట్టుకి తిరిగి వచ్చేసరికి వాన వెలిసింది. వెనక గదిలో ఆడవాళ్ళిద్దరూ పళ్ళేలు ఖాళీచేసి నది వైపు చూస్తున్నారు. కుర్చీలో సంచీ అలాగే ఉంది.

“కావాలంటే కాసింత తీసి ఉంచుకో” అంటున్నారు ఓరపిన్‌గారు. “అక్కడ ఊళ్ళో తూచి చూసుకునేవాళ్ళెవరూ లేరు.”

“వద్దక్కా. నాకెప్పుడూ మనిషి ముక్కలుగానే దొరికాడు. ఇవాళొక్క పూట మొత్తంగా కూర్చున్నాడు, చాలు.”

“నాకు మాత్రం మొత్తంగా దొరికాడనుకుంటున్నావా?” ఓరపిన్‌గారు నవ్వారు. “ఇంట్లో ఆయన ఎప్పుడూ చొక్కా గుండీలు విప్పి కూర్చోలేదే! ఎవరో ఒకరు పనిమీద వస్తూనే ఉండేవాళ్ళు. నేనూ పనిమీదే మాట్లాడేదాన్ని.” కుర్చీలోని సంచీని సర్దుతూ, “గురక పెట్టేవాడా ఇక్కడ?” అని అడిగారు.

“పడవవాళ్ళు తిట్టేవాళ్ళు.”

“అదృష్టవంతురాలివి. నాకు వేరే గది” అన్నారావిడ. లమ్‌యాయ్ మొహం పక్కకి తిప్పుకుంది. ఓరపిన్‌గారు తన రుమాలు తీసి ఆమె ఒళ్ళో పడేశారు.

విమానం వేళకి ఓరపిన్‌గారు, తవిల్, సంచీలో షావుకారుగారు, ముగ్గురూ రైలెక్కారు. విమానాశ్రయంలో, లోపలికి వెళ్ళబోతూ, ఓరపిన్‌గారు తవిల్ వైపు తిరిగారు.

“నేను పదిరోజుల్లో తిరిగొస్తాను. నాక్కూడా ఈ మధ్య పళ్ళు సలుపుతున్నాయి. ప్రతి బుధవారం పన్నెండింటికి డాక్టరని డైరీలో రాసిపెట్టు.”

“చిత్తం అమ్మగారూ” అన్నాడు తవిల్. తన ఉద్యోగం నిలిచిందని అర్థం కావడానికి అతనికి ఇంటికెళ్ళేదాకా పట్టింది.

కథ ఇక్కడితో అయిపోతే మనుషులు మంచివాళ్ళని అనుకుని నిద్రపోవచ్చు. కానీ జాడీ హాల్లోనే ఉండిపోయింది.

మర్నాడు ఊడ్చే ఆవిడ దాని ముందు అగరొత్తుల బూడిద పడిన తీరులో రెండంకెలు చూసింది. ఆ అంకెల మీద లాటరీ టికెట్టు కొంది. తగిలింది. వారం తిరిగేసరికి హాలు ముందు నుంచి రేవు దాకా వరస. లాటరీ టికెట్ల పెట్టెలు మెడకు తగిలించుకుని అమ్మేవాళ్ళు మెట్ల మీద చోటుకోసం కొట్టుకున్నారు. షావుకారుగారి అస్థికల్లో సగం తాను ప్రేమించిన నగరంలోనే ఉండిపోవడానికి ఆయనే ఇష్టపడ్డారని సంఘం కరపత్రం వేసింది. ఉపమంత్రిగారు జాడీకి గాజు పెట్టె చేయించారు. సోయా సాసు యజమాని రోజూ పొద్దున్నే వచ్చి, కావలసినన్నిసార్లు క్షమించి పోతున్నాడు.

తవిల్ మనసు ఒప్పుకోలేదు. అతను చాలా అబద్ధాలు ఆడాడు గానీ, అవన్నీ ఒక మనిషి ప్రశాంతంగా అన్నం తినడానికి ఆడినవి. ఒక శుక్రవారం విబూన్ దగ్గరికి వెళ్ళి, నిజం చెప్పేద్దామన్నాడు.

“చెప్పు” అన్నాడు విబూన్, ఏమాత్రం తొణక్కుండా. “నాకెందుకు చెప్పడం? నాకు తెలుసుగా. బయట వరసలో ఉన్నవాళ్ళకి చెప్పు.”

తవిల్ బయటికి వచ్చాడు. వరసలో మొదట ఒక ముసలావిడ, తామరమొగ్గలు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. తెల్లవారక ముందే వచ్చినట్టుంది.

“పెద్దమ్మా, అందులో షావుకారుగారు లేరు” అన్నాడు తవిల్. “అది టీ జాడీ. ఎండు చామంతి పూలున్నాయి. నా చేతుల్తో నేనే వేశాను.”

ముసలావిడ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. వెనకున్నవాళ్ళు మెడలు చాచారు. పాతికేళ్ళుగా ఏ అబద్ధం చెప్పినా చెల్లిన మనిషి, మొదటిసారి నిజం చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

ముసలావిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొంతు తగ్గించింది.

“ఎన్ని పూలు వేశావు నాయనా? బాగా గుర్తు తెచ్చుకో.”

తవిల్ తలెత్తాడు. వరస మొత్తం ముందుకు జరిగింది. చివరికి తనకు తెలీకుండానే గుర్తు తెచ్చుకున్నాడు, ఒక సంఖ్య చెప్పాడు. వరస చెదిరిపోయింది. అందరూ టికెట్ల పెట్టెల మీద పడ్డారు. ఆ సంఖ్య రెండు వారాల తర్వాత తగిలింది కూడా.

అది ఎంతో ఇక్కడ రాయడం లేదు. పాఠకులు చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు, ఇలాంటి మూఢనమ్మకాలు లేనివాళ్ళు. ఈ కథ నా నోట విన్నవాళ్ళు కూడా అలాంటివాళ్ళే. ఇద్దరు ఆడవాళ్ళ గురించి వాళ్ళలో ఒక్కరూ ఏమీ అడగలేదు. అందరూ అడిగింది ఆ సంఖ్య ఒక్కటే.